బొటనవేలి గాడి

మడికొండ షెడ్డుల మేం కొలతలు రాత్రిపూటనే తీస్తం.
పగలు బొగ్గు వ్యాగన్లు ఒకదాని ఎనుక ఒకటి పోతుంటే
గ్రానైటు బల్ల మీద డయల్ ముల్లు
చలిజ్వరం వచ్చినట్టు వణుకుతది.

ఆ రాత్రి బల్ల మీద పాత నౌక తలుపున్నది.
మూడుసార్లు మనుషుల్ని మోసి,
మూడుసార్లు మంటల నుంచి దిగి,
ఆఖరికి రెండు ముక్కలై లారీల వచ్చింది.
కొత్తదాన్ని గీసేటోళ్లు
పాతదాని కడుపు చూడాల్నట.
అంచుకు ఇంక మసి వాసన పోలే,
మిర్చి యార్డుల కాలిన గోనెసంచి అసొంటి వాసన.

దీని రింగును ఇరవై ఆరేండ్ల కింద
ఈ చేతులతోనే రుద్దిన.
అప్పుడే కాజీపేట డీజిల్ షెడ్డు ఇడిచి వచ్చిన,
ఓదెలు అంటే ఎవడో ఎవలకు ఎరుక లేదు.
పద్నాలుగు గొళ్లేలు, ఒక్క పిడి.
డ్రాయింగు అంటే నీలం కాయితం,
మడత కాడ చినిగితే మైదా ఉడికించి అతికేటోళ్లం.

ఇందారపు విశాల,
కొత్త నౌక తలుపుకు ఆమెనే ఇంజనీరు,
మంచిర్యాల పిల్ల, మాట మెల్లగ, చూపు సూది,
టార్చి పట్టుకొని పిడి కింద ఆగింది.
"ఈ గాడి డ్రాయింగుల లేదు."
నేను ఊకున్న.
"ఆకురాయి పని ఇది. ఎవరు చేసిండ్రు?"

గూడ్సు కూత. ముల్లు వణికింది.
బండి పొయ్యేదాక ఇద్దరం ఆగినం.
యాభై ఎనిమిది పెట్టెలు.
లెక్కవెట్టుకుంటనే జవాబు ఎతుక్కున్న.

ఒకనాడు రాత్రి కరెంటు పోయింది మేడమ్.
చేతులకు రెండు జతల గ్లౌజులున్నయి.
తడిమితే పిడి దొరకలే.
నేల మీద నిలబడ్డ నాకే దొరకకపోతే
కాలుకుంట దిగే పెట్టెల ఉన్నోనికి దొరుకుతదా?
బొటనవేలు ఆనేటంత గీసిన. రెండు గంటలు.
పొద్దున నేనే చెప్పిన.
అడగకుండ లోహం తీసుడు దొంగతనమన్నడు పెద్దసారు,
పదిహేను రోజుల జీతం కోసిండు.
వారం కూసొని లెక్కలేసుకొని
గాడిని మాత్రం అట్లనే ఉంచిండు.

ఆమె నవ్వలే.
పాత రిపోర్టు ఒకటి తీసి మెల్లగ చదివింది:
మూడోసారి దిగినప్పుడు లోపల పొగ కమ్మిందట.
కండ్లు మూసుకొనే పిడి పట్టుకున్నమని రాసిండ్రు.
ఎట్ల దొరికిందో
రాయలే.

కొత్త తలుపుకు కాయితం లేదు.
తెర మీద దాన్ని
పెనం మీద జొన్నరొట్టె తిప్పినట్టు తిప్పుతది విశాల.
ఆరే గొళ్లేలు. బయటికి తెరుసుకుంటది, ఒక్క గుంజుకే.
పిడి కింద గీత గీసి, లోతు రాసి,
ఎంత అటు ఇటు అయితే ఒప్పుకోవాల్నో గూడ రాసింది.
నా బొటనవేలికి నంబరు వచ్చింది.
అటెనుక దాన్ని కొంచెం చిన్నగ చేసింది.
"ఈసారి పోయే నలుగురిల ఇద్దరు ఆడోళ్లు, బాబాయ్.
వాళ్ల గ్లౌజు వేరు."
గుచ్చుకున్నది, అబద్ధమెందుకు.
ఇంటికి పొయ్యేదాక మాట్లాడలే.

రెండు గంటల గాడిని మిషను పదకొండు నిమిషాలల్ల కోసింది.
మైలారం నుంచో బెంగళూరు నుంచో ఇంకెక్కడి నుంచో
ఒకదాని మొకం ఒకటి చూడని ముక్కలొచ్చినయి.
సీటు పట్టీల నమూనా మా కొత్తవాడల నేసిందే,
జంపఖానా మగ్గం మీద, చేనేత గట్టిపోగు.
బోల్టులు సగమే బిగించి, ఉత్తుత్త పెట్టె కట్టి చూసినం.
ఒక బోల్టు తప్పి కింద పడితే
పన్నెండు మంది మోకాళ్ల మీద ఎతికినం.

"లైట్లు తీయుండ్రి" అన్నది.
చీకట్ల ఆమె గ్లౌజు లోహం మీద పాకే చప్పుడు.
ఆగింది. టక్కుమన్నది.
తలుపు బయటికి,
రాత్రి గాలి లోపటికి.

అందరు చాయ్‌కు పోయినంక నేను చెయ్యి పెట్టి చూసిన.
నా వేలు పట్టలే,
అంచు మీదనే ఆగింది.
పోనీ, అదే సరైన కొలత.
గాడిల మిగిలిన లోహపు పొట్టును అంగీ కొసతోని తుడిసిన.
అప్పుడే బొగ్గు బండి వచ్చింది, నేల అదిరింది.
బల్ల మీద ముల్లు దాని పాటికి అది వణికింది.
కొలిచేటందుకు ఇంకేం లేకుండె.